గుంత తవ్వే ముందు గట్టు చుట్టి రావాలి

(చేతి పనితో సొంతంగా నిలదొక్కుకోవాలనుకునే గ్రామీణ యువత కోసం జరిగిన సమావేశంలో ఒక ఫెన్సింగ్ కాంట్రాక్టర్ చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా.

నేను జనగామ, సిద్దిపేట వైపు పొలాలకు, మామిడి తోటలకు, కోళ్ల ఫారాలకు, ఖాళీ ప్లాట్లకు కంచెలు వేస్తాను. కడీలు, అంటే కంచె స్తంభాలు పాతడం, ముళ్ల తీగ లాగడం, చైన్ లింక్ జాలి కట్టడం, గేట్లు నిలబెట్టడం. మొదట కొన్నేళ్లు ఒక మేస్త్రీ దగ్గర గడ్డపార పట్టాను. తర్వాత సొంతంగా మొదలుపెట్టాను. ఇవాళ నా దగ్గర ఏడుగురు ఉన్నారు, ఎండాకాలంలో పన్నెండు మంది అవుతారు. ఈ పనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు కాబట్టి మీలో కొందరు ఇందులోకి రావాలనుకుంటున్నారని నిర్వాహకులు చెప్పారు. పెట్టుబడి తక్కువ అన్నది నిజమే. కానీ చేతిలో డబ్బు ఎక్కడ జారిపోతుందో తెలియకుండానే పోయే పని ఇది. నా డబ్బు ఎక్కడెక్కడ జారిందో చెప్పడానికే వచ్చాను.

మనకు వచ్చే ఫోన్లలో మొదటి మాట ఒకటే ఉంటుంది. "అన్నా, ఎకరానికి ఎంతయితది?" కొత్తలో నేను కూడా ఎకరానికి ఇంత అని చెప్పేసేవాణ్ణి. అదే నా మొదటి తప్పు.

ఎందుకు తప్పో లెక్క చూడండి. ఎకరం అంటే 4,840 గజాలు, అంటే 43,560 చదరపు అడుగులు. ఆ ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు 209 అడుగులకు కాస్త తక్కువ. చుట్టుకొలత 835 అడుగులు. పది అడుగులకు ఒక కడీ చొప్పున 84 కడీలు సరిపోతాయి. అదే ఎకరం పొడుగ్గా, వంద అడుగుల వెడల్పుతో ఉందనుకోండి. పొడవు 435 అడుగులు దాటుతుంది, చుట్టుకొలత 1,070 అడుగులు. అంటే 107 కడీలు కావాలి. భూమి అంతే, కంచె మాత్రం 235 అడుగులు పెరిగింది. ఐదు వరుసల తీగ లాగితే 1,175 అడుగుల తీగ అదనం. అన్నదమ్ములు పంచుకున్న మడికట్లు మన దగ్గర ఎలా ఉంటాయో మీకు తెలుసు. నాలుగు తరాల పంపకాల తర్వాత పొలం పట్టీలా మిగులుతుంది. పట్టీ పొలానికి చదరపు పొలం రేటు చెప్పామా, నష్టం మనదే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నాలుగెకరాల చదరపు పొలానికి చుట్టుకొలత 1,670 అడుగులే. ఎకరం నాలుగింతలైనా కంచె రెండింతలే అయింది. ఆ రైతుకు ఎకరం లెక్కన నాలుగింతల రేటు చెబితే, ఆయన వేరే వాళ్లను అడిగి మనల్ని దొంగ అనుకుంటాడు. తప్పు లెక్క ఒకసారి మనల్ని ముంచుతుంది, ఒకసారి మన పేరును ముంచుతుంది.

అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను ఒకటే చెబుతాను. "రేటు అడుగుకు చెబుతాను. ముందు ఒక పొద్దున వస్తా, మీరు కూడా రండి, ఇద్దరం గట్టు చుట్టి వద్దాం." టేపు తీసుకుని పోతాను. పాతకాలం వాళ్లు 33 అడుగుల గొలుసుతో కొలిచేవారు. 33 అడుగులు ఇటు, 33 అడుగులు అటు వేస్తే 1,089 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 121 గజాలు, ఒక గుంట. ఎంత తేలికైన లెక్కో చూడండి. ఇప్పుడు ఫోన్‌లో యాప్‌లు వచ్చాయి. అంచనాకు పనికొస్తాయి. కానీ చెట్ల కింద, గట్టు వంపుల దగ్గర నాలుగైదు అడుగులు తేడా చూపిస్తాయి. కడీ ఎక్కడ పాతాలో యాప్‌ను నమ్మి నిర్ణయించకండి.

ఆ గంటన్నర నడకలో కొలతతో పాటు ఇంకా చాలా తెలుస్తుంది. నేల ఏ రకమో తెలుస్తుంది. బండ ఎక్కడ ఉందో తెలుస్తుంది. కడీల ట్రాక్టర్ ఎక్కడి దాకా వస్తుందో, ఎక్కడి నుంచి మనుషులు మోయాలో తెలుస్తుంది. పక్క రైతు మనల్ని చూసి పలకరిస్తున్నాడా, మొహం తిప్పుకుంటున్నాడా అన్నది కూడా తెలుస్తుంది. నా మటుకు చివరిదే అన్నిటికంటే ముఖ్యం.

అది ఎంత ముఖ్యమో తెలియక ఒకసారి బాగా దెబ్బ తిన్నాను. ఐదెకరాల పని. పొలం ఆయన తూర్పు వైపు చెయ్యి చూపించి "ఆ వేపచెట్టు దాకా మనదే" అన్నాడు. నమ్మి పని మొదలుపెట్టాను. మూడో రోజుకు అరవై కడీలు నిలబడ్డాయి. ఆ సాయంత్రం పక్క రైతు ఇద్దరు కొడుకులతో వచ్చాడు. అరుపులు, తోపులాట. నా దగ్గర పని చేసే పిల్లవాడి చెంప మీద దెబ్బ పడింది. తర్వాత సర్వేయర్ వచ్చి కొలిస్తే హద్దు వేపచెట్టుకు పదకొండు అడుగులు ఇవతల ఉంది. అరవై కడీలు పీకి మళ్లీ పాతాము. పీకేటప్పుడు తొమ్మిది విరిగాయి. ఆ ఖర్చంతా నేనే పెట్టుకున్నాను, ఎందుకంటే కాగితం మీద ఏదీ రాసుకోలేదు. డబ్బు పోతే పోయింది. ఆ పిల్లవాడు మర్నాడు పనికి రాలేదు. వాళ్ల అమ్మ ముందు నిలబడి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆ రోజు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. పట్టాదారు పాసు పుస్తకంలో ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు అన్నది ఉంటుంది. మూల రాయి ఎక్కడ ఉందో ఉండదు. అది సర్వే వాళ్ల కొలతల పటాల్లో, అంటే టిప్పన్‌లో, నక్షలో ఉంటుంది. ఆంధ్రా వైపు అలాంటి కొలతల పుస్తకాన్ని ఎఫ్‌ఎంబీ అంటారు. సర్వేయర్‌తో కొలిపించి హద్దు రాళ్లు వేయిస్తేనే పని మొదలుపెడతానని చెబుతాను. సర్వే అయ్యే రోజు పక్క రైతులను పిలవమంటాను. వాళ్లు ఒప్పుకుంటే తెల్ల కాగితం మీద అందరి సంతకాలు తీసుకుని, హద్దు రాళ్ల దగ్గర నిలబెట్టి ఫోటో తీస్తాను. బండ్ల బాట, వాగు, కాలువ గట్టు, చెరువు శిఖం భూమి, ఇవి పొలంలో కలుపుకుని కంచె వేయమంటే వేయను. ఆ బాట మీద రేపు ఎవరో ఒక ముసలాయన ఎడ్లబండితో రావాలి. ఆయన దారి మూసిన చెయ్యి నాది కాకూడదు.

ఇప్పుడు సరుకు గురించి చెబుతాను. ఇందులో మోసం కంటికి కనిపించదు.

తీగను గేజ్ లెక్కన అమ్ముతారు. నంబర్ పెరిగిన కొద్దీ తీగ సన్నబడుతుంది, ఇది ముందు గుర్తు పెట్టుకోండి. 12 గేజ్ అంటే 2.64 మిల్లీమీటర్ల మందం. 14 గేజ్ అంటే 2.03 మిల్లీమీటర్లు. చూడ్డానికి తేడా అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ తీగలో ఉన్న ఇనుము లెక్క వేస్తే 12 గేజ్‌లో దాదాపు 70 శాతం ఎక్కువ. పది మీటర్ల ఒంటి తీగను తూకం వేస్తే 12 గేజ్ అయితే సుమారు 430 గ్రాములు ఉండాలి, 14 గేజ్ అయితే 255 గ్రాములు. ఇంత చిన్న పరీక్ష మన ఊరి కిరాణా షాపు కాటా మీద చేయవచ్చు. ముళ్ల తీగ కిలోల లెక్కన కొంటాం, అడుగుల లెక్కన కడతాం. సన్న తీగ కొంటే కిలోకు ఎక్కువ అడుగులు వస్తాయి. 12 అని చెప్పి 14 కట్టేవాడికి మిగిలే లాభం అక్కడే ఉంది. రైతుకు మాత్రం బర్రె ఒకసారి మెడ పెట్టి నెడితే తీగ సాగిపోతుంది. నేను కట్టలోంచి ఒక ముక్క కత్తిరించి, స్క్రూ గేజ్‌తో రైతు చేతే కొలిపిస్తాను. స్క్రూ గేజ్ ఏమంత ఖరీదైన వస్తువు కాదు. మీలో ఐటీఐ చేసినవాళ్లకు దాన్ని చదవడం కూడా వచ్చు.

రెండోది జింక్ పూత. ఇనుముకు తుప్పు పట్టకుండా జింక్ ముందు తానే కరిగిపోతుంది. పూత ఎంత మందంగా ఉంటే తీగ అన్నేళ్లు నిలుస్తుంది. దాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని కొలుస్తారు, జీఎస్‌ఎం అంటారు. మెరుపు చూసి పూత తెలుసుకోలేం. కొత్తప్పుడు అన్నీ మెరుస్తాయి. డీలర్‌ను జీఎస్‌ఎం ఎంతో అడిగి బిల్లు మీద రాయించుకోండి. రాయను అంటే ఆ తీగ కొనకండి. ముళ్ల తీగకు ఐఎస్ 278, చైన్ లింక్ జాలికి ఐఎస్ 2721 అని ప్రమాణాలు ఉన్నాయి. ఈ రెండు నంబర్లు గుర్తుంటే డీలర్ మీతో మాట్లాడే తీరే మారుతుంది. నెల్లూరు, బాపట్ల వైపు రొయ్యల చెరువులకు పని చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఉప్పు గాలికి పల్చటి పూత ఎక్కువ కాలం ఆగదు.

కడీల విషయానికి వస్తే మన వైపు రాతి కడీలు, రాయలసీమలో రాతి కూసాలు అంటారు. సిమెంట్ కడీలు కూడా బాగా వచ్చాయి. రాతి కడీకి తుప్పు లేదు, చెద లేదు, కానీ దించేటప్పుడు విరుగుతుంది. వందకు రెండు మూడు విరుగుతాయని లెక్కలో ముందే కలుపుకుంటాను. సిమెంట్ కడీ అయితే లోపల ఎన్ని చువ్వలు వేశారు, ఎన్ని రోజులు నీళ్లు పట్టారు అన్నది అడగాలి. నీళ్లు పట్టని కడీ ట్రాలీ కుదుపులకే పగుళ్లిస్తుంది.

గుంత లోతు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన నిజాయితీ అంతా అక్కడ పూడ్చిపెట్టి ఉంటుంది. ఏడడుగుల కడీకి కనీసం అడుగున్నర, వీలైతే రెండడుగులు నేలలో ఉండాలి. సాయంత్రం అవుతుంటే కూలీలు అలసిపోతారు, గుంత ఒక్క అడుగు లోతుకే ఆగిపోతుంది. మట్టి కప్పేశాక ఎవరికీ కనిపించదు. మొదటి వానాకాలం దాటాక ఆ కడీ వాలుతుంది, దాని తీగ పక్క కడీని లాగుతుంది. నేను గడ్డపార మీద రెండడుగుల దగ్గర ఎర్ర రంగు గీత వేయించాను. గీత మునిగితేనే గుంత అయినట్టు.

నేలను బట్టి కూడా మారుతుంది. ఎర్ర చల్క నేలలో మట్టి, రాళ్లు వేసి గట్టిగా కుమ్మితే చాలు. నల్లరేగడిలో అలా కుదరదు. ఎండాకాలం నెర్రెలు విచ్చుకుంటుంది, వానాకాలం ఉబ్బుతుంది. ఏటా రెండుసార్లు నేలే కడీని కదిలిస్తుంది. అక్కడ గుంత ఇంకా లోతు తీసి, మొరం వేసి, కనీసం మూల కడీలకైనా కాంక్రీట్ పోయాలి. బండ తగిలితే దాన్ని తొలిచే కంప్రెషర్ పెట్టాలి. అందుకే నా కొటేషన్‌లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "బండ పడితే కంప్రెషర్ ఖర్చు వేరు." ఆ వాక్యం లేనందుకు ఒక పనిలో నాకు మిగలాల్సిందంతా బండలోనే పోయింది.

మూల కడీ సంగతి కూడా చెప్పాలి. తీగల లాగుడు అంతా వచ్చి మూల మీద పడుతుంది. అందుకే మూలకు రెండు వైపులా ఏటవాలుగా సపోర్ట్ కడీలు పెట్టాలి. మధ్యలో కూడా పది పదిహేను కడీలకు ఒకసారి సపోర్ట్ ఉండాలి. ముందు మూలలు పాతి, వాటి మధ్య దారం కట్టి, ఆ దారం వెంట మిగతావి పాతాలి. తీగ లాగేటప్పుడు కాలం కూడా చూసుకోవాలి. వంద మీటర్ల తీగ 30 డిగ్రీల తేడాకు మూడున్నర సెంటీమీటర్ల దాకా సాగుతుంది, కుంచించుకుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం బిర్రుగా లాగిన తీగ డిసెంబర్ తెల్లవారుజామున మూల కడీని ఇంకా గట్టిగా లాగుతుంది. ఎండలో లాగితే కొంచెం వదులు ఉంచండి.

రైతు కంచె ఎందుకు వేయిస్తున్నాడో అడగకుండా తీగ కట్టకండి. గొర్రెలకు ఒక కంచె, బర్రెలకు ఒక కంచె, అడవి పందులకు ఒక కంచె. పంది ఎక్కువగా పైనుంచి దూకదు, కిందినుంచి తోసుకుంటూ వస్తుంది. కింది వరుస నేలకు జానెడు ఎత్తు దాటకూడదు. జాలి అయితే అర అడుగు మట్టిలోకి దించాలి. కోతులకు మాత్రం ముళ్ల తీగ అడ్డమే కాదు. కోతుల కోసం కంచె వేయమని వచ్చిన రైతుకు "దీనితో కోతులు ఆగవు బాపూ" అని ముఖం మీదే చెబుతాను. పని పోయినా పర్వాలేదు.

పందుల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ముందుకు పోలేను. ఒక రైతు నన్ను ఒంటి తీగ ఒకటి పొలం చుట్టూ చిన్న కర్రల మీద లాగమన్నాడు. "మిగతాది నేను చూసుకుంటా, మోటార్ స్టార్టర్ దగ్గర నుంచి కరెంటు ఇస్తా" అన్నాడు. నేను చేయనన్నాను. ఆయన కష్టం నాకు తెలుసు. ఒక్క రాత్రిలో మక్క చేను మొత్తం పందులు తొక్కేస్తే రైతు గుండె ఎలా పగులుతుందో మా ఇంట్లోనే చూశాను. కానీ తమ్ముళ్లూ, ఆ తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో తెలియదు. రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన పక్క పొలం మనిషి, కరెంటు తీయడం మర్చిపోయి తెల్లారి పొలానికి పోయిన ఆ రైతే, అలా తీగకు తగిలి ప్రాణాలు పోయిన వార్తలు మన జిల్లా పేపర్లలో ఏటా చదువుతున్నాం. అది నేరం. పెట్టినవాళ్లు జైలుకు పోతారు. పోయినవాళ్లు తిరిగి రారు. ఆ తీగ లాగిన కూలీ చేతులు మనవి కాకూడదు.

సోలార్ ఫెన్సింగ్ దానికి పూర్తిగా వేరు. అందులో ఎనర్జైజర్ అనే పెట్టె ఉంటుంది. అది కరెంటును నిరంతరం పంపదు. సెకనుకు సుమారు ఒకసారి, కనురెప్ప కొట్టేంత కూడా లేని సమయం పాటు కొడుతుంది. జంతువు అదిరిపడి వెనక్కి పోతుంది, మధ్యలో వదిలించుకునే సమయం దొరుకుతుంది. ప్రమాణం ఉన్న ఎనర్జైజర్ కొని, ఎర్తింగ్ సరిగా చేసి, తీగకు గడ్డి తగలకుండా చూసుకోవాలి. పచ్చగడ్డి తగిలితే దెబ్బ నేలలోకి పోయి కంచె ఉత్త తీగ అయిపోతుంది. హెచ్చరిక బోర్డులు తెలుగులో పెట్టాలి. గడ్డి కోసే బాధ్యత రైతుదేనని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలలకు "నీ సోలార్ పని చేయట్లేదు" అని ఫోన్ వస్తుంది.

గేటు గురించి ఒక్క మాట. పన్నెండు అడుగులు చాలంటారు. ట్రాక్టర్ ట్రాలీకి చాలు. వరి కోత మిషన్ ముందు భాగం చాలా వాటికి 14 అడుగుల దాకా ఉంటుంది. కోతలప్పుడు గేటు కడీ పీకిన రైతులను నేను చూశాను. ఏ పంట వేస్తారో అడిగి గేటు పెట్టండి.

ఇక డబ్బు. మన పని ఏడాదిలో కొన్ని నెలలే జోరుగా ఉంటుంది. యాసంగి కోతలు అయినప్పటి నుంచి మిరుగు, అంటే మృగశిర కార్తె దాకా ఊపిరి ఆడదు. వానలు పడ్డాక పొలంలోకి ట్రాక్టర్ దిగదు. అప్పుడు గేట్ల రిపేర్లు, ప్లాట్ల పని, కోళ్ల ఫారాల జాలి పని చూసుకోవాలి. ఎండాకాలంలో వచ్చిన డబ్బు చూసి బండి మార్చకండి. ఆ డబ్బు ఆగస్టు, సెప్టెంబర్ నెలల జీతాలకు.

నేను మూడు భాగాలుగా తీసుకుంటాను. సరుకుకు సరిపడా బయానా ముందు. కడీలు అన్నీ నిలబడ్డాక రెండో భాగం. తీగ, గేటు అయ్యాక మిగతాది. వడ్ల పైసలు ఖాతాలో పడ్డాక ఇస్తానన్న రైతుకు ఆ తేదీ దాకా ఆగుతాను, కానీ సరుకు మాత్రం ఉద్దెర తేను. డీలర్ దగ్గర ఉద్దెర పెరిగితే ఆయన ఏ తీగ ఇస్తే అదే తీసుకోవాలి. గేజ్ అడిగే నోరు మనకు ఉండదు.

ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. సరుకుతో కలిపి చేసే ఇలాంటి పనికి మామూలుగా 18 శాతం పడుతుంది. కంపెనీలకు పని చేస్తే బిల్లులో ఒక శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకుంటారు. ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే అది పన్నులో కలుస్తుంది, ఎక్కువ పట్టుకుంటే తిరిగి వస్తుంది. చాలామంది రిటర్న్ వేయక వదిలేస్తున్నారు. అది మీ చెమట డబ్బు, వదలకండి.

కూలీల డబ్బు మాత్రం ఎవరు మనకు ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆగకూడదు. మా దగ్గర వారం అంగడికి ముందు రోజు సాయంత్రం అందరి చేతిలో కూలి పడుతుంది. కడీల చుట్టూ రాళ్లు కుమ్మే పని ఆడవాళ్లు చేస్తే వాళ్లకూ మగవాళ్లతో సమానంగా ఇస్తాను, ఎందుకంటే పని ఒకటే. బిర్రుగా లాగిన తీగ తెగితే పాములా ఎగిరి ముఖానికి తగులుతుంది. కళ్లద్దాలు, తోలు గ్లౌజులు లేకుండా ఎవరినీ తీగ ముట్టనివ్వను. ముల్లు గీరుకుంటే ఆ రోజే టీటీ ఇంజెక్షన్ వేయిస్తాను. ఇంకొకటి, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో ప్రాణం పోయిన మనిషి కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు బ్యాంకు ఖాతా ఉంటే చేరవచ్చు. నా దగ్గర పని చేసే ప్రతి ఒక్కరి 20 రూపాయలు నేనే కడతాను. మొదటి రోజే బ్యాంకుకు తీసుకుపోతాను.

మాటలు చాలానే చెప్పాను. బయట షామియానా వెనక ఖాళీ స్థలంలో మూడు రాతి కడీలు, ఒక చిన్న కట్ట 12 గేజ్ ముళ్ల తీగ, ఎర్ర గీత ఉన్న నా గడ్డపార పెట్టించాను. భోజనాలకు ఇంకా అరగంట టైమ్ ఉంది. మూల కడీ ఎలా పాతాలో, సపోర్ట్ ఎక్కడ ఆనించాలో అక్కడ చూపిస్తాను. చెల్లెళ్లు కూడా రండి. మొదటి గుంత ఎవరు తీస్తారో చేయి ఎత్తండి.